లోపలి పిడి

ప్రెస్సు వెనక వీధి, మేడమీది గది
జూన్ 9

బావమరిదికి,

నీ కార్డు నిన్న అందింది. ఫోను చేసి చేసి విసిగిపోయానని రాశావు. మోగే ఉంటుంది. కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమచెవి ఈ ఎండాకాలంతో సెలవు తీసుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు అచ్చుయంత్రాల పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దినవాడికి చెవులు మిగిలితేనే ఆశ్చర్యపోవాలి. కాబట్టి ఇకమీద ఉత్తరాలే రాయి. నీ దస్తూరీ కోడి కెలికినట్టుంటుంది, అయినా పరవాలేదు, అంతకంటే ఘోరమైన రాతప్రతులు దిద్దాను.

ఎలా పొద్దుపోతోందని అడిగావు. నవ్వకు, సినిమాలు చూస్తున్నాను. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆట. మీ అక్క చివరి ఇరవై ఏళ్ళూ నన్ను హాలు ఛాయలకు పోనివ్వలేదు, తనూ పోలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆమె వద్దన్నదేమిటో చూద్దామని ఒకసారి వెళ్ళాను, అంతే, అలవాటైపోయింది. ప్రేమకథల జోలికి పోను. వాటికి పాటలుంటాయి, చెవులు కావాలి. థ్రిల్లర్లకు కళ్ళు చాలు.

పోయిన వారం పళ్ళ డాక్టరే హంతకుడైన సినిమా చూశాను. పది నిమిషాల్లో పట్టేశాను. చేతులు తుడుచుకున్నాక తువ్వాలును రెండుసార్లు మడతపెట్టాడు, మంచివాళ్ళెవరూ అలా చేయరు. హాల్లో మిగతా జనమంతా వాచ్‌మన్‌నే అనుమానించారట. వాచ్‌మన్ కనిపించినప్పుడల్లా వాయిద్యం అలా మోగిందని పక్కసీటాయన కాగితం మీద రాసి చూపించాడు. నాకా వాయిద్యం అందదు. ఎవర్ని చూసి భయపడాలో నాకెవరూ చెప్పరు. అందుకే నేను మోసపోను. ఒక్కటే లోపం: ఆ డాక్టరు రాసిన బెదిరింపు ఉత్తరంలో 'హెచ్చరిక' అని ఒత్తులతో సహా సరిగ్గా రాశాడు. ఎనిమిదిమందిని చంపినవాడికి ఒత్తుల మీద అంత శ్రద్ధ ఉంటుందంటే నేను నమ్మను.

మరదలి కుట్టుమిషను మళ్ళీ దారం తెంపుతోందట. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ మిషనే కదా ఆమెనూ పిల్లనూ నిలబెట్టింది. నువ్వెప్పుడొస్తావో కనుక్కోమంది.

మీ బావ


పాత ఫ్రిజ్జుల షాపు, బస్టాండు ఎదురు సందు
జూన్ 17

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ రోజు నుంచి తువ్వాలు ఎన్నిసార్లు మడతపెడుతున్నానో లెక్క చూసుకుంటున్నాను.

షాపులో పనికి తక్కువ లేదు. నిన్న ఒకావిడ వచ్చి ఫ్రిజ్జు అసలు చల్లబడటం లేదని గొడవ. వెళ్ళి చూస్తే లోపల చీరలు పెట్టుకుంది, బీరువా నిండిపోయిందట. ఇలాంటివాళ్ళ వల్లే నాకు రోజు గడుస్తోంది.

చెల్లెమ్మ మిషను సంగతి నేను చూస్తాను. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం వెళ్ళిపోతాను. ప్రతి ఏడూ చేసే పనే, కొత్తగా అడగాల్సిన అవసరం లేదని చెప్పండి.

సినిమాల గురించి మీరు రాస్తే చదువుతాను గానీ నాకు వాటి మీద ఏ అభిప్రాయమూ లేదు. హాల్లో కూర్చుంటే నాకు ఊపిరాడదు. మీరు కూడా ఆ ఏసీ హాల్లో చెవికి దూది పెట్టుకుని కూర్చోండి.

మీ బావమరిది


ప్రెస్సు వెనక వీధి
జులై 21

బావమరిదికి,

నువ్వొచ్చి మిషను బాగుచేసి నా గుమ్మం దాకా కూడా రాకుండా వెళ్ళిపోయావని మరదలు చెప్పింది. కోపం లేదులే. ఆమె మాత్రం నిన్ను దేవుడంటూ పొగిడింది.

ఈ నెలలో మూడు చూశాను. మొదటిది లిఫ్టు సినిమా. రెండు గంటలు ఐదుగురు లిఫ్టులో ఇరుక్కుపోతారు, వాళ్ళలో ఒకడు హంతకుడు. నాలుగో మనిషి అని నేను ముందే అనుకున్నాను, వాడే. అందరూ చెమట తుడుచుకుంటుంటే వాడు మాత్రం పై గుండీ విప్పలేదు. రెండోది కవలల కథ. కవలలున్న థ్రిల్లరు అచ్చుతప్పులతో నిండిన పుస్తకంలాంటిది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, వదిలేశాను.

మూడోదాని గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. దానికి మంచు గది సినిమా అని పేరు పెట్టుకున్నాను. చేపలు గడ్డకట్టించే గిడ్డంగిలో ఒకణ్ణి లోపలుంచి తలుపు వేసేస్తారు. వాడు తలుపు కొడతాడు, గోకుతాడు, చివరికి తలుపుకు ఆనుకుని కూర్చుంటాడు. నేను లేచి బయటికి వచ్చేద్దామనుకున్నాను. లేవలేకపోయాను.

తమ్ముడు పోయి ఇరవై రెండేళ్ళు. వాడు పని చేసిన కోల్డ్ స్టోరేజీ లోపలికి నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. వాడు చనిపోయిన ఆ నాలుగో గది ఎలా ఉంటుందో ఈ సినిమాలోనే మొదటిసారి చూసినట్టనిపించింది. అందుకే నిన్నడుగుతున్నాను, ఆ రోజు డ్యూటీలో ఉన్నది నువ్వు, వాణ్ణి మొదట చూసింది నువ్వు. సినిమాలో తలుపుకు లోపల ఏమీ లేదు. మన గదికి లోపలి పిడి ఉండేదని, నెడితే బయటి గడియ లేచేదని అప్పట్లో విచారణలో రాశారు. అలాంటి పిడి నిజంగా పని చేస్తుందా? చెయ్యి గడ్డకట్టినవాడు కూడా నెట్టగలడా? ఏ పనిలోనివాళ్ళకు ఆ పని తెలుస్తుంది కదా, అందుకని.

మీ బావ


పాత ఫ్రిజ్జుల షాపు
జులై 26

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన రోజే జవాబు రాస్తున్నాను.

లోపలి పిడి అంటే తలుపు మందంలోంచి అటూ ఇటూ పోయే ఇనుప కడ్డీ. లోపలివైపు గుండ్రటి బిళ్ళ ఉంటుంది, అరచేత్తో నెడితే కడ్డీ బయటికొచ్చి గడియను ఎత్తుతుంది. చిన్నపిల్లలు కూడా నెట్టగలరు. మన నాలుగో గది పిడి మంచి స్థితిలో ఉంది. మైనస్ పద్దెనిమిదిలో కడ్డీ చుట్టూ మంచు పేరుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు విప్పి తుడిచి గ్రీజు పెట్టాలి. ఆ వారమే నేను స్వయంగా విప్పి, గ్రీజు పెట్టి, బిగించాను. విచారణకు వచ్చినవాళ్ళు నా ముందే పదిసార్లు నెట్టి చూశారు, పదిసార్లూ తెరుచుకుంది. ఆ రోజంతా నేను ఇంజను గదిలోనే ఉన్నాను, ఆ రొదలో ఎవరు కొట్టినా వినపడదు. చిన్నబావకు లోపల కళ్ళు తిరిగి ఉంటాయి. అంతే జరిగింది.

ఆ సినిమాలు మానేయండి బావగారూ. తీసేవాళ్ళకు ఏం తెలుసు? అన్నీ కల్పించి రాస్తారు. మీ ఆరోగ్యం చూసుకోండి.

మీ బావమరిది


ప్రెస్సు వెనక వీధి
ఆగస్టు 14

బావమరిదికి,

మంచు గది సినిమా మళ్ళీ చూశాను. ఈ ఊళ్ళో ఎత్తేసే లోపు మరోసారి కూడా. టికెట్టు ఇచ్చే అమ్మాయి నన్ను విచిత్రంగా చూసింది. మూడోసారి కథను చూడలేదు, తలుపునే చూశాను.

నీకు ఇంతవరకు చెప్పని మాట ఒకటి ఉంది. మీ అక్కకు కూడా చెప్పలేదు. తమ్ముడు పోవడానికి మూడు రోజుల ముందు మా అమ్మను ఆస్పత్రి నుంచి తీసుకురమ్మని వాడికి అప్పజెప్పాను. వాడు ఐదు గంటలు ఆలస్యంగా వెళ్ళాడు. ముసలామె బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక అందరి ముందూ అన్నాను, "నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని. వాడు కంచం పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు. తర్వాత వాడితో నాకు మాటల్లేవు.

విచారణలో పిడి బాగుందన్నారు. నెడితే తెరుచుకునేది, వాడు నెట్టలేదు. వీధిలో కొందరు తాగి పడిపోయాడన్నారు. కొందరు ఇంకో మాట అన్నారు, పైకి అనలేదు, కానీ మరదలి ముఖం చూసి తల తిప్పుకున్నారు. నేను ఆ రెండో మాటనే నమ్మాను. ఇరవై రెండేళ్ళుగా నమ్ముతున్నాను. నా మాట విని వాడు ఆ గదిలో కూర్చుండిపోయాడని, నెట్టగలిగీ నెట్టలేదని.

ఇప్పుడు విచారణ కాగితాలు రేకుపెట్టెలోంచి తీశాను. రెండు చోట్ల పెన్సిలు గుర్తు పెట్టాను. ఒకటి, నువ్విచ్చిన వాంగ్మూలంలో పిడిని ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదని ఉంది. నాకు రాసిన ఉత్తరంలో ఆ వారమే విప్పి గ్రీజు పెట్టానన్నావు. ఇన్నేళ్ళయింది కాబట్టి మరిచిపోయి ఉంటావు. రెండు, డాక్టరు కాగితంలో వాడి కుడి అరచేతిలో గుండ్రంగా లోతైన గాయం ఉందని రాశారు. ఎలక్ట్రీషియన్ చేతులు అలాగే ఉంటాయని అప్పుడు సర్దుకున్నాం. ఆ గాయం దేనివల్లో నీకు తెలుసా? తలుపు మీద గీతలేమైనా కనిపించాయా?

నిన్ను తప్పుపట్టడానికి కాదు. వాడు ఒక్కసారైనా తలుపు తీయబోయాడా అని తెలుసుకోవాలనుంది.

మీ బావ


పాత ఫ్రిజ్జుల షాపు
ఆగస్టు 30

బావగారికి నమస్కారాలు.

వెంటనే రాయలేకపోయాను, కంప్రెసరు మోసి నడుం పట్టేసింది.

మీరు మనసులో పెట్టుకున్న మాట చదివి ఆ రోజు షాపు తెరవలేదు. ఒక్కటి చెబుతాను, నమ్మండి. మీ మాట వల్ల చిన్నబావ చనిపోలేదు. ఎలా తెలుసని అడగకండి, నాకు తెలుసు. ఆయన మనసులో ఏదీ మూడు రోజులు నిలిచేది కాదు. ఆ ఆదివారం కూడా ఈల వేసుకుంటూ వచ్చాడు. పిల్లకు చెప్పులు కొనాలి, సాయంత్రం త్వరగా వెళ్ళాలి అన్నాడు.

గీతల సంగతి నాకు గుర్తు లేదు. కాగితాల్లో ఏం రాశారో వాళ్ళకే తెలియాలి. ఆ పెట్టె మళ్ళీ తెరవకండి.

సినిమాల గురించి ఎప్పుడూ మీరే రాస్తున్నారు కదా, అందుకని నాకు తెలిసిన ఒక్క థ్రిల్లరు గురించి రాస్తున్నాను. నేను చివరగా చూసిన సినిమా అదే. విదేశీ సినిమా, నలుపు తెలుపు. ఒకామె అద్దె ఇంట్లోకి వస్తుంది, నిలువుటద్దం వెనక చిన్న గది ఉంటుంది, అందులో ఒక మనిషి నిలబడి ఆమెనే చూస్తుంటాడు. అక్క తీసుకెళ్ళింది నన్ను. భయపడి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు పడ్డాయి. మీరైతే ఆ మనిషిని ఏ సీనులో పట్టేసేవారో.

మందులు వేసుకోండి.

మీ బావమరిది


ప్రెస్సు వెనక వీధి
సెప్టెంబరు 8

బావమరిదికి,

నీ ఉత్తరాన్ని ప్రూఫు చదివినట్టు చదివాను. మాట మాటకీ వేలు పెట్టి.

నిన్న పాత ప్రెస్సుకు వెళ్ళాను. ఇప్పటి మేనేజరు నా శిష్యుడే, పాత పేపర్ల బైండ్లు తీయించాడు. సినిమా ప్రకటనలన్నీ అప్పట్లో నా బల్ల మీదికే వచ్చేవి. అద్దం వెనక మనిషి బొమ్మ ఉన్న ప్రకటన ఒకే ఒక్క రోజు పడింది. అందులో ఇలా ఉంది: "ఈ ఆదివారం ఒక్కరోజు మాత్రమే. మధ్యాహ్నం ఒకే ఆట." ముందు వారం లేదు, తర్వాత వారం లేదు. మన ఊళ్ళో ఆ సినిమా మరెప్పుడూ ఆడలేదు.

ఆ ఆదివారం ఏ ఆదివారమో నీకు నేను చెప్పక్కర్లేదు.

నువ్వు ఆ రోజంతా ఇంజను గదిలో ఉన్నానన్నావు. మీ అక్క ఆ మధ్యాహ్నం స్నేహితురాలి ఇంటికి వెళ్ళానని నాతో చెప్పింది. ఇద్దరూ ఒకే మధ్యాహ్నం గురించి రెండు వేరు వేరు అబద్ధాలు చెప్పారు. ఆమె తర్వాత చచ్చేదాకా సినిమా గడప తొక్కలేదు.

ఇక నేనేమీ ఊహించను. సినిమాల్లో ఊహిస్తే సరదా, ఇక్కడ వద్దు. నువ్వే రాయి.


పాత ఫ్రిజ్జుల షాపు
సెప్టెంబరు 19

బావగారికి,

జ్వరంగా ఉంది. తగ్గాక రాస్తాను. చెల్లెమ్మతో ఏమీ అనకండి, మిమ్మల్ని వేడుకుంటున్నాను.


ప్రెస్సు వెనక వీధి
అక్టోబరు 3

పద్నాలుగు రోజులయింది. నేను బస్సెక్కి వచ్చి నీ షాపు ముందు నిలబడగలను. నువ్వు మాట్లాడితే నాకు వినపడదు, అందుకే రాలేదు. ఇలాంటిది వీధిలో అరిచి చెప్పించుకోకూడదు. కాగితం మీద పెట్టు.


పాత ఫ్రిజ్జుల షాపు
అక్టోబరు 11

బావగారికి,

ఐదుసార్లు రాసి చించాను. ఇది ఆరోది, ఎలా ఉన్నా పంపిస్తాను. అద్దం సినిమా గురించి పొరపాటున రాశానో, మీరు పట్టుకోవాలని రాశానో నాకే తెలియదు.

నాలుగో గది పిడికి మంచు పట్టి బిగుసుకుపోతుంటే ఆ మంగళవారం నేనే విప్పాను. కడ్డీ వంకర పోయింది. సరిచేసి పెడదామని వర్క్‌షాపు బల్ల మీద పడేశాను. తలుపుకు చిల్లు మిగిలింది కదా, చల్లగాలి పోతుందని దానికి చెక్క బిరడా కొట్టాను. బుధవారం పెడదామనుకున్నాను. తర్వాత గురువారం. ఆదివారం దాకా ఆ కడ్డీ బల్ల మీదే ఉంది. ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు తలుపుకు చెక్కమొద్దు అడ్డం పెట్టుకోవాలని పనివాళ్ళందరికీ చెప్పాను. చిన్నబావ ఎలక్ట్రీషియన్, రోజూ ఆ గదుల్లోకి వచ్చే మనిషి కాదు.

ఆదివారం సెలవు. గేటు దగ్గర మధ్యాహ్నమంతా కునుకు తీసే వాచ్‌మన్, లోపల నేను. నాలుగో గదిలో దీపాలు పోయాయని కబురు పెడితే పన్నెండున్నరకు చిన్నబావ వచ్చాడు. అప్పటికే అక్క రోడ్డు మీద నిలబడి ఉంది. ఆ సినిమా మళ్ళీ రాదని వారం నుంచి అడుగుతోంది, మీకు ప్రెస్సులో పని, ఒంటరిగా వెళ్ళలేదు. నేను చేతులు కడుక్కుంటూ "పని చూసుకో బావా, తినేసి వస్తా" అన్నాను. ఆయన ఈల వేస్తూనే చెయ్యి ఊపాడు. పిడి లేదని చెప్పానేమో అని ఇరవై రెండేళ్ళు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చెప్పలేదు బావగారూ.

సినిమా అయ్యాక అక్క టీ తాగుదామంది. నేను తిరిగి వెళ్ళేసరికి ఐదు దాటింది. చిన్నబావ సైకిలు నీడలో అలాగే ఉంది. నాలుగో గది తలుపు మూసి ఉంది. దగ్గరకు వెళ్ళి చూస్తే చిల్లులో చెక్క బిరడా లేదు. దాని బదులు స్క్రూడ్రైవరు మొన బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఆయన చీకట్లో ఆ బిరడాను లోపల్నుంచి తొలిచేశాడు. తొలిచి, స్క్రూడ్రైవరును చిల్లులో పెట్టి గడియను ఎత్తబోయాడు. పిడి ఎలా పని చేస్తుందో ఆయనకు తెలుసు. ఒక వేలెడు పొడవు చాలలేదు. స్క్రూడ్రైవరు గుండ్రటి పిడిని అరచేత్తో ఎంతసేపు నెట్టాడో, అరచేతిలో ఆ గాయం దానిదే. మీరడిగారు కదా ఒక్కసారైనా తలుపు తీయబోయాడా అని. చివరిదాకా అదే పని చేశాడు. నేను తలుపు తీసినప్పుడు కూడా ఆయన చెయ్యి దాని దగ్గరే ఉంది.

బయటికి లాగాను. గుండె మీద చెవి పెట్టాను. నాకేమీ వినపడలేదు. అప్పుడు నేను చేసిన పని రాస్తున్నాను. వర్క్‌షాపుకు పరిగెత్తి కడ్డీ తెచ్చాను. వంకరను సుత్తితో సరిచేశాను. గ్రీజు రాసి బిగించాను. తొలిచిన చెక్క పొట్టు ఊడ్చాను. స్క్రూడ్రైవరు నా సంచిలో వేసుకున్నాను. ఆ తర్వాతే వాచ్‌మన్‌ను కేకేశాను. పది నిమిషాలు పట్టి ఉంటుంది. నాకు గుండె వినపడనంత మాత్రాన అది ఆగిపోయినట్టా అని ఆ తర్వాత ఒక డాక్టరును, ఎవరికో జరిగినట్టు చెప్పి అడిగాను. చల్లబడిపోయిన మనిషి విషయంలో మామూలు మనుషులు చెప్పలేరన్నాడు. ఇంక నేనేమీ అడగలేదు.

నేను డ్యూటీ వదిలి వచ్చిన సంగతి అక్కకు ఆ సాయంత్రమే తెలుసు. తన వల్లే వచ్చానని తల బాదుకుంది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. పిడి సంగతి మాత్రం ఆమె మంచం పట్టాకే చెప్పాను. గోడవైపు తిరిగింది. "నేను పోయాక మీ బావకు చెప్పు, నా కళ్ళముందు చెప్పకు" అంది. ఆమె పోయి రెండేళ్ళు. నేను చెప్పలేదు. ప్రతి ఏడూ వచ్చి మిషను బాగుచేసి వెళ్ళాను.

ఆ స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంది.


ప్రెస్సు వెనక వీధి
అక్టోబరు 20

నీ ఉత్తరం అందాక మొదటి రోజు ఒక్క వాక్యమే చదువుకున్నాను. చివరిదాకా అదే పని చేశాడు అన్నది. వాడు బతకాలనుకున్నాడు. నా మాట పట్టుకుని కూర్చోలేదు. ఎన్నేళ్ళ తర్వాతో కడుపారా అన్నం తిన్నాను. తిన్నందుకు రెండో రోజు సిగ్గేసింది.

రెండో రోజు మిగతాది చదివాను. మీ అక్కతో నలభై ఏళ్ళు ఒకే గదిలో పడుకున్నాను. ఆమె నన్ను చూసి నిట్టూర్చినప్పుడల్లా తమ్ముడు పోయిన నా బాధను తను పంచుకుంటోందనుకునేవాణ్ణి. ఎవరు చెడ్డవాళ్ళో పది నిమిషాల్లో పట్టేస్తానని నీకు గొప్పలు రాశాను. నా ఇంట్లో ఇరవై ఏళ్ళు పట్టలేకపోయాను. ఆమె చెడ్డదని కూడా అనలేను. అదే నాకు మింగుడుపడటం లేదు.

మూడో రోజు మరదలి ఇంటికి వెళ్ళాను. నువ్వు వద్దన్నావు. నీ మాట వినాల్సిన అవసరం నాకు లేదు. ఆమె రవికె కుడుతోంది. మిషను ఆపమని చెప్పి ఎదురుగా కూర్చుని మొత్తం చదివి వినిపించాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు, పక్కింటివాళ్ళు కిటికీ మూశారు. ఆమె ఏడవలేదు. గుడ్డ మడిచి పక్కన పెట్టింది. అందరూ నాకు రాసి చూపించే పలక తీసుకుని ఒక్క వాక్యం రాసింది: "ఇన్నాళ్ళూ ఆయన మీద కోపంగా ఉన్నాను బావగారూ." తర్వాత ఉత్తరం ఇచ్చి వెళ్ళమంది. ఇచ్చాను.

జరిగినదంతా తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్క్రూడ్రైవరుతో పాటు పోలీసులకు ఇవ్వు. ఇన్నేళ్ళ తర్వాత కేసు నిలబడుతుందో లేదో నాకు తెలియదు. కానీ వాడి పేరు మీద రాసిన కాగితం తప్పు. దాన్ని దిద్దాలి. నిన్ను క్షమించానని రాయలేను, ఆ మాట ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

శుక్రవారం సినిమాకు వెళ్ళలేదు.


టైలరింగ్ షాపు, ఆస్పత్రి వెనక
అక్టోబరు 24

అన్నయ్యగారికి,

బావగారు ఒకసారి చదివారు, నేను మూడుసార్లు చదువుకున్నాను.

ఆయన పోయిన నెలకు మా అమ్మాయి బడి నుంచి వచ్చి, మీ నాన్న కావాలనే లోపల ఉండిపోయాడట అని ఎవరో అన్నారని చెప్పింది. దానికప్పుడు ఆరేళ్ళు. కాదని నేను గట్టిగా చెప్పలేకపోయాను, నాకూ అదే అనుమానం. ఆయన ఫొటో గోడ మీద నుంచి తీసి బట్టల అడుగున పెట్టాను. అది ఆ తర్వాత ఎప్పుడూ నాన్న గురించి అడగలేదు. చెప్పులు కొనడానికి ఆ సాయంత్రం త్వరగా రావాలనుకున్నాడని మీ ఉత్తరంలో ఉందని బావగారు చూపించారు. నిన్న దానికి చదివి వినిపించాను. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.

పోలీసులకు మీరు రాసి ఇచ్చేది ఇవ్వండి, దానికి నేను అడ్డు రాను. దానికంటే ముందు మేమిద్దరం వస్తున్నాం. గురువారం పొద్దున పది గంటల బస్సు. షాపు తెరవకండి, ఎక్కడికీ వెళ్ళకండి. ఆయన ఈల వేస్తూ గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి మొదలుపెట్టి అంతా మా ముందు నోటితో చెప్పాలి. ఆ పది నిమిషాల దగ్గరికి వచ్చినప్పుడు తొందరపడొద్దు, నెమ్మదిగా చెప్పాలి. ఒంట్లో బాగోలేదంటే ఆగుతాం, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడదాం. మీరు చెప్పడం పూర్తయ్యేదాకా మేం లేవం. మీకు ఎదురుగా నేను కూర్చుంటాను. తలుపు దగ్గర మా అమ్మాయి కూర్చుంటుంది.